బండి కళ్ళకు రాగి రేకులు

మంగళవారం. మైనం: 8 నిలిచింది.

బండి నడిచే దూలాన్ని కనిపెట్టుకునే నడక మనిషి దూలం పుస్తకం రాయాలని రూలు. ఉప్పుగాలికి కంప్యూటరు తెరలన్నీ ఏడాది తిరక్కుండా చచ్చిపోతాయి, కాగితం మాత్రం చావదు. అందుకే ఇంత పెద్ద బండికి చేత్తో రాసే పుస్తకం ఒకటి ఇంకా మిగిలింది. నా పేరు వీరవేణి. రెండువందల స్తంభం నుంచి రెండువందల నలభై దాకా, దూలం పక్కన వేసిన సన్నటి నడవ మీద పదిహేడేళ్ళుగా నడుస్తున్నాను. కింద సముద్రం. ఒకప్పుడు అక్కడ కొబ్బరితోటలుండేవని మా అమ్మమ్మ చెప్పేది. ఇప్పుడు లంకలంటే స్తంభాల మీద కట్టిన ఊళ్ళు. మా మట్టలంక నుంచి పెద్దలంకకి వెళ్ళాలంటే ఈ దూలం ఒక్కటే దారి. ఈ కాలంలో అలలకి పడవలు నడవవు.

చక్రాల రైలు ఇక్కడ పనికిరాదని పెద్దలు ఎప్పుడో తేల్చేశారు. ఒకదానితో ఒకటి రాసుకునేదేదైనా ఈ ఉప్పులో ఆర్నెల్లు బతకదు. అందుకని దేన్నీ ముట్టుకోకుండా తేలుతూ పోయే బండి వేశారు. బండి అడుగున స్కిడ్లని రెండు బద్దలుంటాయి, ఆగినప్పుడు దూలం మీద ఆనుకోవడానికి. తేలుతున్నప్పుడు ఆ స్కిడ్లకీ దూలానికీ మధ్య ఎనిమిది మిల్లీమీటర్ల పైచిలుకు ఖాళీ ఉండాలి. 

ఆ ఖాళీని కొలవడం నా పని. పొద్దున్నే 214 దగ్గర దూలం మీద మైనం గోళీలు అతికిస్తాను. ఎనిమిది మిల్లీల ఎత్తుది ఒకటి, ఏడుది ఒకటి, అలా ఒకటి దాకా. బండి పోయాక ఏ గోళీ తల చితికిందో చూస్తే ఎంత ఎత్తులో పోయిందో తెలిసిపోతుంది. ఎనిమిది నిలిచిందంటే చల్లగా ఉన్నట్టు. ఇప్పుడు బండికే కళ్ళున్నాయి, మైనం ఎందుకని పైవాళ్ళు అంటారు. నాకు ఈ పని నేర్పిన సత్తెయ్యగారు మానొద్దన్నారు, మానలేదు.

ఏడూ పదికి బండి వెళ్ళింది. రెండో పెట్టెలో మా ఆయన గంగరాజు ఉన్నాడు. కిడ్నీలు రెండూ పోయి మూడేళ్ళయింది. మంగళ, గురు, శనివారాలు పెద్దలంక ఆసుపత్రిలో ఆయన రక్తం కడుగుతారు. నాలుగు రోజులు దాటి కడగకపోతే మనిషి దక్కడని డాక్టరమ్మ మొహమాటం లేకుండా చెప్పేసింది.

బండి దాటేటప్పుడు నేను నడవ మీది ఇనప గూట్లోకి దూరి చువ్వ పట్టుకుంటాను. ఇదివరకు అలవాటుకి పట్టుకునేదాన్ని. పెద్దలంకకి అవతలున్న తూర్పు దూలం మీద బండి పడి ఇరవై రోజులైంది. ముప్పైయొక్కమంది పోయారు. ఎందుకు పడిందో ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. ఆ రోజు నుంచి భయానికి పట్టుకుంటున్నాను. నేనైతే బండెక్కడం మానేశాను. ఆయనకి మానడానికి లేదు.

బుధవారం. మైనం: 8 నిలిచింది.

లంకలో ఎవరు కనపడినా నన్ను ఒకటే అడుగుతున్నారు: అసలిది ఎలా నిలబడుతుంది? ఇవాళ కొళాయి దగ్గర అడిగినవాళ్ళకి చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది. దూలం అడుగున ఇనప పలక ఉంది. బండి చేతులు కిందికి చాపి, దూలాన్ని రెండు పక్కల నుంచీ పొదివి పట్టుకుంటుంది. ఆ చేతుల చివరి అయస్కాంతాలు పైనున్న పలకవైపు లాక్కుంటాయి, దాంతో బండి మొత్తం లేస్తుంది. పలకకీ అయస్కాంతానికీ మధ్య పది మిల్లీల సందు. ఎక్కువ లాగితే వెళ్ళి అతుక్కుపోతుంది. తక్కువ లాగితే కింద పడుతుంది. అందుకని ప్రతి అయస్కాంతానికీ మూడు సెన్సర్లున్నాయి. వాటినే మేం కళ్ళంటాం. అవి సెకనుకి వేలసార్లు సందు చూసి కరెంటు పెంచమనో తగ్గించమనో చెబుతుంటాయి. ఒక కన్ను తప్పు చెబితే మిగతా రెండూ కాదంటాయి. ఇక ముందుకు తోసేది దూలంలోని తీగచుట్టలు. వాటిలో కరెంటు అలలా పరుగెడుతుంది, బండి ఆ అల వెంట పోతుంది.

ఇంటికొచ్చి ఇదంతా చెబితే గంగరాజు నవ్వాడు.

"అంటే కావిలించుకోవాలి గానీ ముట్టుకోకూడదన్నమాట. పెళ్ళైన కొత్తలో ఆషాడంలో మీ యమ్మ పెట్టిన రూలిదే కదే!"

"నీకు అన్నీ నవ్వులాటే మావా. ముప్పైయొక్కమంది పోయేరక్కడ."

"ఏడిత్తే కిడ్నీలు తిరిగొత్తాయా? ఎక్కక తప్పదు. నవ్వుకుంటా ఎక్కుతాను."

నాకు నవ్వు రాలేదు. పెద్దలంక శాస్త్రులుగారు బీజాక్షరాలు గీసిన రాగి రేకులు ఇస్తున్నారు. లంకలో సగం గడపలకి అవే కొట్టి ఉన్నాయి. తూర్పు బండి కళ్ళకి దిష్టి తగిలిందని ఒక మాట పుట్టింది, దానికి కాళ్ళూ వచ్చాయి. నేనొక రేకు తెప్పించి, బండి రాత్రి నిలిపే షెడ్డుకి తీసుకెళ్ళాను. షెడ్డు ఫిట్టరు అబ్బులు నాకు తమ్ముడి లెక్క, తిక్క పనులు చేసే మనిషి కాదు.

"ఇనుమైతే నేను దగ్గరికి రానివ్వనండి అక్కగారూ. ఇది రాగి కదా, చూడండి," అని పెద్ద అయస్కాంతమొకటి తెచ్చి రేకు మీద పెట్టి ఎత్తాడు. రేకు కదల్లేదు. "పట్టదండి, ఆయ్! దానికీ దీనికీ ఏ సమ్మందం లేదు."

నేను కూడా పెట్టి ఎత్తి చూశాను. నిజమే, పట్టలేదు.

గంగరాజు కూర్చునే రెండో పెట్టె కళ్ళ అంచుల్లో గోరంత ముక్కలు అతికించాడు. ఒక్క కంటికి చాలన్నాను. అబ్బులు ఒప్పుకోలేదు. "ఒకదానికెట్టి రెండిటికెట్టకపోతే దిష్టి వాటి మీదకి పోద్దండి. పంక్తిలో అందరికీ వడ్డించాలి కదా!" అని అన్ని కళ్ళకీ పెట్టాడు. ఇది పుస్తకంలో రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. దేవుడి పని దాచుకోవడం ఎందుకు?

గురువారం. మైనం: 7 నిలిచింది. ఎనిమిది చితికింది.

ఎనిమిది గోళీ తల పళ్ళెంలా నున్నగా అయిపోయింది. తుపాను రోజుల్లో తప్ప నేనిలాంటిది చూడలేదు. స్తంభం కుంగిందేమోనని కొలిచాను, కుంగలేదు. మెత్తటి మట్టిలో దిగి కాస్త ఒరిగిన స్తంభం మొత్తం వరుసలో 219 ఒక్కటే. అక్కడ దూలం అంచు రెండు మిల్లీలు ఉబ్బెత్తుగా ఉంటుందని, దాని మీద బండి ఊగి ఇంకో నాలుగు మిల్లీల దాకా దిగి లేస్తుందని అందరికీ తెలుసు. నేను చూసింది 214 దగ్గర.

కంట్రోలుకి ఫోన్ చేశాను. అక్కడ అనసూయ అనే ఆవిడ ఉంటుంది. గొంతే గానీ మనిషిని ఎప్పుడూ చూడలేదు.

"కళ్ళన్నీ పదే చెబుతున్నాయి వీరవేణిగారూ. మూడుకి మూడూ పదే. అన్ని కళ్ళు ఒక్కసారి తప్పు చెప్పవు కదండీ?"

చెప్పవు. పెట్టేశాను. శనివారం దాకా మనసు మనసులో లేదు.

శనివారం. మైనం: 6 నిలిచింది.

గురువారం నాటి సంగతి నేను అబ్బులుకి చెప్పాను. అబ్బులు వాళ్ళావిడకి చెప్పాడు. నిన్నటికి మట్టలంక అంతా చెప్పుకుంటోంది, బండి కిందికి దిగుతోందని. శాస్త్రులుగారి దగ్గర వరస కట్టారు. ఇవాళ పొద్దున్న బండి మొత్తం ఆరు పెట్టెలకీ రేకులు పడ్డాయి. రెండో పెట్టెకి ఇంకో పొర వేశారు.

గూట్లో నిలబడి చూశాను. బండి రావడం ఎప్పట్లాగే వచ్చింది, చప్పుడు లేకుండా, గాలి మాత్రం ఈడ్చి కొట్టింది. 219 దగ్గర సన్నగా గీరుమన్నట్టు అనిపించింది. నా భయమేమో అనుకున్నాను. గంగరాజు తిరిగొచ్చాక అడిగితే, "అవునే, కాళ్ళ కింద పిల్లి గీకినట్టయ్యింది," అన్నాడు. అని, వెంటనే నా మొహం చూసి మాట మార్చేశాడు.

ఇంకో సంగతి. ఆయన నీళ్ళ చెంబు మూత కనపడటం లేదు. రోజుకి ఆ రాగి చెంబులో సగానికి మించి నీళ్ళు తాగకూడదు ఆయన. అదే కొలత. పొద్దున్నే సగం పోసి మూత పెట్టి ఇస్తాను. ఇల్లంతా వెతికాను, దొరకలేదు. ఆసుపత్రిలో మరిచిపోయానంటున్నాడు. అబద్ధం చెబితే ఆయన చెవి గోక్కుంటాడు. చెవి గోక్కున్నాడు.

మంగళవారం. మైనం: 5 నిలిచింది.

219 దగ్గర దూలం మీద నల్లటి పొడి కనిపించింది. వేలితో తీసి వాసన చూశాను, కాలిన వాసన. స్కిడ్డు పొడి అది. గంటకి మూడువందల కిలోమీటర్ల వేగంలో స్కిడ్డు తగిలిందంటే ఇవాళ పొడి, రేపు మంట.

ఈసారి రాతపూర్వకంగా పంపాను. ఇంజనీరు కామేశంగారు వచ్చారు, మర్యాదస్తుడు. షెడ్డులో పెట్టె తెరిచి కళ్ళు చెప్పేది తెర మీద చూపించారు. పది, పది, పది. ఆయన తెల్ల చొక్కాతో బండి కిందికి దూరలేదు.

"మైనం ఎండకి మెత్తబడుతుందమ్మా. తూర్పు ప్రమాదం తర్వాత అందరికీ ఇలాగే ఉంది. రెండు రోజులు సెలవు తీసుకోండి."

"మరి పొడి ఎక్కణ్ణుంచి వచ్చిందండీ?"

"219 ఎప్పుడూ ఉబ్బే కదా."

రేకుల సంగతి, పొద్దున్నే ఇంకో పొర వేసిన సంగతి ఆయనకి చెప్పలేదు. చదువుకున్న మనిషి, నవ్వుతాడని సిగ్గేసింది. పొడి మాత్రం కాగితంలో కట్టి దాచాను.

నా చేతిలో ఇంకో దారి ఉంది. 'కంటితో చూసిన ప్రమాదం' అని నడక మనిషి సంతకం పెడితే ఆ క్షణం నుంచి దూలం మూసేయాలి. మళ్ళీ తెరవడానికి రూలు ప్రకారం తక్కువలో తక్కువ పదకొండు రోజులు. ఆ మూడు మాటలూ పెన్సిలుతో రాశాను. గంగరాజుకి ఉన్నది నాలుగు రోజులు. మట్టలంకలో ఆయనలాంటి వాళ్ళు ఇంకా పందొమ్మిదిమంది. బండి నడిస్తే పడుతుందేమో. ఆగితే మాత్రం ఆ ఇరవైమంది పోవడం ఖాయం. ముందు నుయ్యి, వెనక గొయ్యి. రాసినదాన్ని చెరిపేశాను. ఇక్కడ కాగితం పలచబడి ఉంది, చూస్తే తెలుస్తుంది.

గురువారం. మైనం: 3 నిలిచింది.

తెల్లవారుజామున అన్ని పెట్టెలకీ ఇంకో పొర వేసినా నాలుగు కూడా చితికింది.

అబ్బులు పరుగెత్తుకొచ్చాడు. అయస్కాంతాలు అట్టు పోసేంత వేడిగా ఉన్నాయట. ఇదివరకటి కంటే చాలా కరెంటు తాగుతున్నాయట. "దూరం నుంచి లాగుతున్నట్టు ఆయాసపడతన్నాయండి అక్కగారూ. దిష్టి బలంగా ఉంది. శనివారం ఇంకో పొర ఏద్దాం. మజ్జాన్నం బండి తిరిగొచ్చే ముందు పెద్దలంక షెడ్డువోళ్ళని కూడా ఎయ్యమని చెప్తాను."

సరే వెయ్యమన్నాను. నేనే అన్నాను. కళ్ళు బాగున్నాయని కంట్రోలు అంటోంది, స్తంభాలు బాగున్నాయని నా కొలత అంటోంది, మైనం మాత్రం రోజురోజుకీ చితుకుతోంది. ఇంకేం చేయాలో తోచలేదు. మునిగేవాడు గడ్డిపోచ పట్టుకోడా!

ఇంటికొచ్చి మా శిక్షణ నోటుపుస్తకం తీసి చదివాను. షాంఘైలో విమానాశ్రయం నుంచి, జపానులో నగోయా పక్కన, కొరియాలో ఇంచియాన్ దగ్గర, మా ముత్తాతల కాలంలోనే ఇలాంటి బండ్లు తిరిగాయని అందులో రాసుకున్నాను. జపానులోనే ఇంకో రకం ఉండేది. దాని అయస్కాంతాలు మంచు కంటే ఎన్నో రెట్లు చల్లన. అది ముందు చక్రాల మీద పరుగెత్తి, వేగం అందుకున్నాక పక్కగోడల్లోని తీగచుట్టల వల్ల దానంతటదే లేచేది. దానికి సందు చూసే కళ్ళతో పనిలేదు. మాది కళ్ళ మీద బతికే రకం. కన్ను పోతే అన్నీ పోయినట్టే. ఎంత చదివినా మా బండికి ఏమైందో అందులో లేదనిపించింది.

పొద్దున్న గంగరాజు బండెక్కుతుంటే చెయ్యి పట్టుకుని వదల్లేదు. "జనం చూత్తన్నారే," అన్నాడు. చూస్తే చూడనీ అన్నాను.

శనివారం. మైనం: 2 నిలిచింది.

ఇది జరిగిన మర్నాడు, ఆదివారం కూర్చుని రాస్తున్నాను.

పొద్దున్న బండి పోయాక చూస్తే మూడు చితికి ఉంది. అంటే మిగిలింది రెండు మిల్లీల పైన కాస్త. 219 ఉబ్బే రెండు, ఊపు అదనం. ఈసారి గీరు చప్పుడు నడవ దాకా వినిపించింది. ఇంటికి వచ్చేశాను గానీ నిలబడలేను, కూర్చోలేను. చేతులకి పని కావాలని చింతపండు తీసి రాగి బిందె తోమడం మొదలుపెట్టాను. గోడ గడియారం పన్నెండూ యాభై.

నా నడుం సంచిలో నడవ బోల్టులు ఏరుకునే చిన్న అయస్కాంతం బిళ్ళ ఉంటుంది. వంగినప్పుడు అది జారి, పక్కకి వాల్చిన బిందె మీద పడింది. టంగుమని జారి కింద పడాలి కదా! పడలేదు. పాకం మీద జారినట్టు మెల్లగా, మెల్లగా దిగింది. తీసి మళ్ళీ జార్చాను. మళ్ళీ అంతే. స్టీలు పళ్ళెం మీద పెట్టి చూస్తే అతుక్కోలేదు, సర్రున జారిపోయింది. మళ్ళీ రాగి మీద పెడితే పాకమే.

అయస్కాంతం కదిలితే రాగి ఊరుకోదు, దానిలో కరెంటు పుట్టి ఎదురు తిరుగుతుంది. నిన్నగాక మొన్న చదివిన పుస్తకంలోనే ఉంది ఆ మాట. జపాను బండి లేచేదే ఆ బలంతో. పరీక్షకి రాసి మార్కులు తెచ్చుకున్నాను కూడా. మేం మాత్రం అయస్కాంతాన్ని కదలకుండా రేకు మీద పెట్టి, ఎత్తి, పట్టదని చెప్పుకున్నాం. బండి కన్ను చూసేది కంటితో కాదు, సెకనుకి లక్షలసార్లు ఊగే అయస్కాంత శక్తితో. దాని అంచున రాగి ఉంటే పలక దగ్గరికి వచ్చేసిందనుకుంటుంది. దగ్గరికొచ్చింది, తగ్గించు అంటుంది. బండి దిగుతుంది. దిగాక దానికి మళ్ళీ పదే కనిపిస్తుంది. పంక్తిలో అందరికీ వడ్డించాం కాబట్టి మూడు కళ్ళూ ఒకే అబద్ధం చెప్పాయి, కాదనే కన్ను లేకుండా పోయింది. బండి దిగిన కొద్దీ మాకు భయం పెరిగింది, భయం పెరిగిన కొద్దీ రేకులు పెట్టాం, రేకులు పెట్టిన కొద్దీ బండి దిగింది.

పెద్దలంకలో ఆ సమయానికి ఇంకో పొర వేసేసి ఉంటారు.

అనసూయకి ఫోన్ చేశాను. బండి ఒకటీ పదికి బయల్దేరుతుంది, అప్పటికి ఒకటీ ఐదు.

"ఆపండి, బండి ఆపండి! కళ్ళకి రాగి అంటించాం!"

"ఏం అంటించారు? వీరవేణిగారూ, నిదానంగా చెప్పండి. ఇక్కడ అన్నీ పదే..."

"పదే చెబుతాయండీ! అదే కదా రోగం!"

"కొలతలో తేడా లేకుండా నేను ఆపడానికి లేదండీ. ఇంజనీరుగారిని కలుపుతాను, ఉండండి."

ఉండలేదు. మెట్లెక్కి నడవ మీద పరుగెత్తాను. 214 గూట్లో అద్దం పెట్టెలో ఎర్ర మీట ఉంది. అది లాగితే మా భాగం దూలంలో అల ఆగిపోతుంది. బండి తన బ్యాటరీలతో తేలుతూనే వేగం తగ్గించుకుని ఆగుతుంది. ఆగడానికి నాలుగు కిలోమీటర్లు పడుతుంది. అంటే బండి నాకు కనపడక ముందే లాగాలి. నలభై ఆరేళ్ళ మనిషిని, ఊపిరి ఆడటం లేదు. చెప్పు ఒకటి సముద్రంలో పడిపోయింది. మీట దగ్గరికి వచ్చేసరికి ఒకటీ ఇరవై ఐదు.

అద్దం పగలగొట్టి, మీట పట్టుకుని, ఒక్క క్షణం ఆగిపోయాను. ఆ క్షణం గురించి కూడా రాయాలి. లాగితే పదకొండు రోజులు. ఆయన రక్తం ఇవాళ కడిగారు. బుధవారానికి నాలుగు రోజులు అయిపోతాయి. ఇవాళ బతికించి బుధవారం చంపుకుంటానా అనిపించింది. ఆ తర్వాత 219 దగ్గరి నల్ల పొడి వాసన గుర్తొచ్చింది. లాగేశాను.

చాలాసేపు ఏమీ కనపడలేదు. తరవాత దూరాన బండి వచ్చింది. నేనెప్పుడూ చూడనంత నెమ్మదిగా వస్తోంది, అయినా నాకు వేగంగానే ఉంది. 230 దాటింది. 226 దాటింది. 223 దగ్గర ఆగి, అమ్మయ్య అన్నట్టు స్కిడ్ల మీద కూర్చుంది. 219 ఇంకా నాలుగు స్తంభాల దూరం. నేను నడవ మీద కూలబడి గట్టిగా ఏడ్చాను.

అబ్బులు ట్రాలీ మీద వచ్చాడు. బిందె సంగతి చెప్పాను. ముందు అర్థం కాలేదు, అర్థమయ్యాక తల బాదుకున్నాడు. "నా ఇరవయ్యేళ్ళ సర్వీసండి అక్కగారూ. ఈ చేతుల్తోనే అంటించేను." ఇద్దరం బండి పక్కన వేలాడే తొట్టిలో కూర్చుని ఒక్కొక్క కన్నూ గీకాం. కొన్నింటికి ఐదు పొరలు, కొన్నింటికి ఆరు. పెట్టెల్లోని జనం కిటికీల్లోంచి చూస్తున్నారు.

రెండో పెట్టె దగ్గర అబ్బులు చెయ్యి ఆగిపోయింది. "ఇవి మీరు చూడకండి," అన్నాడు. చూశాను. అన్నిటికంటే పెద్ద ముక్కలు, బొటనవేలంతవి, మూడు. శాస్త్రులుగారి అక్షరాలు లేవు వాటి మీద. మేకుతో గీసిన వంకర అక్షరాలున్నాయి. మూడింటి మీదా ఒకటే పేరు, వీరవేణి.

"అన్నగారు ఇచ్చేరండి. మొదటి శనివారం. చెంబు మూత కోసి తెచ్చేరు. ఎక్కేవోళ్ళకి అందరూ కడతన్నారు, దూలం మీద నడిచే మనిషికెవరు కడతారు, బండి దానికి అడ్డం రాకుండా చూడరా అన్నారండి. మీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నారు."

పైకి చూశాను. కిటికీ దగ్గర గంగరాజు చెవి గోక్కుంటున్నాడు.

సోమవారం. మైనం లేదు. బండి నడవలేదు.

విచారణకి శేషగిరిగారనే పెద్దాయన వచ్చారు, కూడా కామేశంగారు. ఈ పుస్తకం వాళ్ళ ముందు పెట్టాను. మొదటి రేకు నాదని బుధవారం పుటలో ఉంది, చూసుకోమన్నాను. గంగరాజు ముక్కల గురించి రాసిన పుట చించేద్దామా అనుకున్నాను. మిగతా అందరివీ ఉంచి మా ఆయనది చించితే ఈ పుస్తకం కూడా రేకు అంటించిన కన్నే అవుతుంది. చించలేదు. 

కామేశంగారు చాలాసేపు మంగళవారం పుట చూశారు. "నేను వంగి చూడాల్సింది," అన్నారు. రేకుల మాట ఆ రోజే చెప్పాల్సింది నేనండీ అన్నాను.

శేషగిరిగారు పదకొండు రోజులన్నారు. ఇరవైమంది ఉన్నారండీ అన్నాను. రూలన్నారు. అప్పుడు ఫోన్‌లో అనసూయ గొంతు వినిపించింది. "ఆ రూలు కిందనే ఇంకోటుందండీ. తప్పు ఎక్కడుందో దొరికి, తీసేసి, ఖాళీ బండితో మైనం ఎనిమిది నిలిస్తే, నడక మనిషి సంతకం పెట్టి మొదటి బండిలో తనే ఎక్కాలి. ఆ లెక్కన వెంటనే తెరవచ్చు. ముప్పై ఏళ్ళుగా ఎవరూ వాడలేదు, అంతే." తర్వాత నాతో విడిగా, "ఆరోజు లైన్లో ఆగకుండా ఫోన్ పెట్టేసి మంచిపని చేశారు," అంది.

నా ఉద్యోగం, అబ్బులు ఉద్యోగం సంగతి తర్వాత తేలుస్తారట.

మంగళవారం. మైనం: 8 నిలిచింది, ఖాళీ బండితో.

బండిలో కూర్చుని రాస్తున్నాను. తూర్పు ప్రమాదం తర్వాత ఎక్కడం ఇదే మొదటిసారి. తెల్లవారగానే ఖాళీ బండి నడిపారు. ఎనిమిది గోళీ చెక్కు చెదరకుండా ఉంది. వేలు పెట్టి తడిమి మరీ సంతకం పెట్టాను. తడిమినా సరే, భయం పోలేదు. తూర్పు బండి ఎందుకు పడిందో ఇంకా ఎవరికీ తెలియదు. దానికీ రేకులున్నాయా? లేవంటున్నారు. అంటే అక్కడ ఇంకేదో ఉంది. ఆ ఇంకేదో ఇక్కడ లేదని ఎవరు చెప్పగలరు?

మిగతా పందొమ్మిదిమంది రోగులూ మా చుట్టూ ఉన్నారు. ఒక పెద్దావిడ కొంగు ముడిలో రేకు తెచ్చుకుంది. కళ్ళకి అంటించనంతవరకు ఉంచుకోమన్నాను. 

బండి లేచింది. ఒళ్ళు తేలికైనట్టు చిన్నగా, ఎనిమిది మిల్లీలే. గంగరాజు ఒళ్ళో మూతలేని చెంబు ఉంది, అందులో సగానికి నీళ్ళు. ఆయన ఈ రోజంతటికీ అవే. స్తంభాలు వెనక్కి పరుగెడుతున్నాయి. నాకు ప్రతి నంబరూ తెలుసు, చూడక్కర్లేదు. 205. 210. నాకు తెలియకుండానే నా అరచెయ్యి వెళ్ళి చెంబు మీద మూతలా పడింది.

"తియ్యవే," అన్నాడు గంగరాజు.

"ఒలికిపోతాయి మావా. నీకున్నవే అవి."

"తియ్యి. ఒలికితే ఒలికినియ్యి. కుదుపు కనపడాలి కదా."

చెంబుని రెండు చేతులా బిగించి పట్టుకున్నాడు. ఆయనకి భయమని ఈ మూడేళ్ళలో నాకు తెలిసింది అప్పుడే. చెయ్యి తీశాను. ఇద్దరం నీళ్ళలోకి చూస్తూ కూర్చున్నాం.

219. నీళ్ళ మీద సన్నటి వలయం ఒకటి లేచి అంచు దాకా వెళ్ళింది. గీరు చప్పుడు లేదు. ఒక్క చుక్క ఒలకలేదు.

"రాసుకో," అన్నాడు.

రాశాను.